దుర్గ తాళం వేసిన పేజీ

తుబ్లీ, బహ్రెయిన్
డిసెంబరు 2021

చెల్లాయి దుర్గకి,

ఫోన్ చేస్తే "బావున్నాం అన్నయ్యా" అనేసి వెంటనే మాట మా ఇంటి మీదికి తిప్పేస్తావు. అందుకని ఇకనుంచి నీకు ఉత్తరాలే రాస్తాను. ఈమెయిలయినా ఉత్తరం ఉత్తరమే. రాసేటప్పుడు మనిషి కాస్త ఆగుతాడు. ఆగితే అసలు మాట బయటికొస్తుంది.

ఇక్కడ చలికాలం వచ్చింది. మీ రష్యా చలితో పోలిస్తే నవ్వొస్తుందేమో గానీ మీ వదిన స్వెట్టర్ తీసింది. వర్క్‌షాపులో నాకు పంపుల రిపేరు పని బాగానే ఉంది. పక్క ఫ్లాటులో తాహెర్ అని కరీంనగర్ మనిషి చేరాడు. డెలివరీ వ్యాను నడుపుతాడు. సాయంత్రాలు టీకి మా ఇంటికే వస్తాడు.

మొన్న వీడియోలో మీ లీల ఏమందో తెలుసా? "ఆదివారం కూడా అమ్మ నాతో ఆడదు మావయ్యా, వికీ రాస్తుంది" అంది. బావ పక్కనే ఉండి నవ్వాడు. తెలుగు రాదు కాబట్టి నవ్వాడో, అర్థమయ్యే నవ్వాడో తెలియలేదు. రోజంతా ఆసుపత్రిలో రోగుల్ని చూసి వచ్చి, మళ్ళీ ఏమిటా రాత? ఎవరికోసం? జీతమేమైనా ఇస్తారా? విప్పి చెప్పు.

మీ అన్నయ్య
నాగేంద్రబాబు


యారొస్లావ్ల్
జనవరి 2022

అన్నయ్యా,

జీతం లేదు. ముందు అది చెప్పేస్తే నీ మనసు కుదుటపడుతుంది, ఎలాగూ తిట్టడానికి సిద్ధమవుతావు కాబట్టి.

వికీపీడియా అంటే ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వం. నేను రాసేది రష్యన్ భాషలో ఉన్నదానిలో. అది 2001లో మొదలైంది. నేను ఇక్కడికి మెడిసిన్ చదవడానికొచ్చిన మొదటి చలికాలం, హాస్టల్లో ఇంటిమీద బెంగతో రష్యన్‌లో "గోదావరి" అని వెతికాను. మూడే వాక్యాలున్నాయి. అందులో ఒకటి తప్పు. మన ధవళేశ్వరం ఆనకట్ట ఊసే లేదు. పక్కన "మార్చు" అని బొత్తం కనబడింది. అంతే, నొక్కాను.

నా రష్యన్ అప్పుడెంత అధ్వాన్నమంటే, నేను రాసిన నాలుగు ముక్కల్లో విభక్తులన్నీ తప్పులే. మర్నాటికి ఎవరో వాటిని సరిదిద్ది, "అమ్మాయీ, నది గురించి మీకు తెలుసు, వ్యాకరణం గురించి నాకు తెలుసు. ఇద్దరం కలిసి రాద్దాం" అని రాశారు. ఆవిడే ల్యుద్మీలా పావ్లొవ్నా. సమారాలో ఉంటారు, రిటైరైన లైబ్రేరియన్. నేటికీ ఆవిణ్ణి చూడలేదు. కొత్త సంవత్సరానికి కార్డులు పంపుకుంటాం. నాకు రష్యన్ నేర్పింది విశ్వవిద్యాలయం కాదు, ఆవిడే.

2013లో పది లక్షల వ్యాసాలయ్యాయి. ఇక్కడి లైబ్రరీలో మేం ఏడెనిమిది మందిమి కలిసి కేకు కోసుకున్నాం. ఒకరి ముఖాలొకరం చూసుకోవడం అదే మొదలు. రోజూ నాతో వాదించే "ఉక్కు తోడేలు" అనే ఆయన తీరా చూస్తే బక్కపల్చటి సంగీతం మాస్టారు!

అంతా కేకులే అనుకోకు. ఊరూ పేరూ లేని కుగ్రామాల మీద యంత్రాల చేత వేలకొద్దీ వ్యాసాలు రాయించి సంఖ్య పెంచారని కొన్నాళ్ళు కొట్టుకున్నాం. బూతులు రాసిపోయేవాళ్ళుంటారు. తమ తాతని మహాకవిని చేసేవాళ్ళుంటారు. రాసేవాళ్ళు పెరిగిన కొద్దీ కాపలా పని పెరిగింది. నన్ను నమ్మి నిర్వాహకురాలిగా ఎన్నుకున్నారు. అంటే గొడవ ముదిరిన పేజీకి తాళం వేసే అధికారం అన్నమాట. నా ఆదివారాలు పోతున్నది అందుకే.

నీకూ ఒక పని. మీ తుబ్లీ అఖాతం పేజీకి ఒక్క ఫొటో లేదు. తీసి పంపుతావా?

దుర్గ


తుబ్లీ
ఫిబ్రవరి 2022

దుర్గా,

మీవాళ్ళకి మర్యాద తెలియదు. గూగుల్లో వెతికి అందమైన ఫొటో ఎంచి, నువ్వు చెప్పినట్టే అకౌంటు తెరిచి ఎక్కించానా, టీ తాగి వచ్చేసరికి తీసేశారు. "కాపీహక్కు ఉల్లంఘన" అట. నన్ను దొంగ అన్నట్టే కదా!

తాహెర్‌కి చూపించి వాపోయాను. అతను కడుపు పట్టుకుని నవ్వాడు.

"మందిది గుంజుకొచ్చి పెడితే ఊకుంటరా అన్నా? గీడనే ఉంది గద సముద్రం. నడువు, మనమే తీద్దాం."

శుక్రవారం ఇద్దరం వ్యానులో వెళ్ళాం. ఇన్నేళ్ళుగా ఈ ఒడ్డునే బతుకుతూ ఒక్కసారీ తీరిగ్గా చూడలేదు చూడు. నీళ్ళు తీసిన బురదలో గులాబీరంగు కొంగలు, ఫ్లెమింగోలు, వరసగా నిలబడి ఉన్నాయి. వెనకాల మడచెట్లు. తాహెర్ చూస్తూ నిలబడిపోయాడు. ఆఖరికి "దుబాయికి వచ్చి ఇన్నేండ్లాయె, గిసొంటిది చూసుడు గిదే ఫస్టు" అన్నాడు. బహ్రెయిన్‌ని కూడా దుబాయే అంటాడతను.

ఈసారి ఫొటో ఉంచారు. కింద నా పేరు కూడా ఉంది. మీ వదిన ఇరుగుపొరుగంతటికీ చూపించి వచ్చింది.

టీవీలో మీ సరిహద్దు వార్తలు చూస్తుంటే గుబులుగా ఉంది. నువ్వేమీ రాయవేం?

అన్నయ్య


యారొస్లావ్ల్
ఏప్రిల్ 2022

అన్నయ్యా,

మంచు కరుగుతోంది. లీలకి పళ్ళు ఊడుతున్నాయి. మీ బావ అంద్రేయ్ క్షేమం.

ఫిబ్రవరిలో మొదలైనదాన్ని ఇక్కడ ఒక్క పేరుతోనే పిలవాలి. రెండో పేరు రాస్తే శిక్ష పడేలా చట్టం వచ్చింది. నీ ఉత్తరాల్లో కూడా ఆ మాట రాయకు. తెలుగు ఇక్కడెవరికీ రాదు గానీ, యంత్రాలు చదువుతాయి.

మా విజ్ఞాన సర్వస్వంలో అటూ ఇటూ రెండు పక్షాలవాళ్ళూ ఉన్నారు. రాసేవాళ్ళలో సగంమంది సరిహద్దు అవతలి దేశంలో, ఇంకా బయట దేశాల్లో ఉంటారు. భాష ఒకటి, కన్నీళ్ళు వేరు. మాకున్న నియమం ఒక్కటే: ఆధారం ఉన్నది రాయి, లేనిది తియ్యి.

సరిహద్దు అవతల ఒక చిన్న ఊరి పేజీ ఉంది. ఆ ఊళ్ళో మార్చిలో ఏం జరిగిందో ఆధారాలతో ఒక పేరా ఉంటే, రోజంతా ఒకరు తీసేయడం, ఇంకొకరు పెట్టడం. అది నా వంతు కాపలా. చదివాను. ఆధారాలు సరిగ్గా ఉన్నాయి. పేరా ఉంచి, తాళం వేశాను. అంతకుమించి నేను చేసింది లేదు. ఆ పేరాలో ఒక్క అక్షరం నాది కాదు.

పోయిన వారం ఎవరో నా అసలు పేరు, ఫొటో, పనిచేసే ఆసుపత్రి వివరం ఇంటర్నెట్‌లో పెట్టారు. "మన చరిత్ర మీద తాళం వేస్తున్న విదేశీ ఆడది" అని. మా పెద్ద డాక్టరు పిలిచి తలుపేసి, "దుర్గా, మీరు మంచి డాక్టరు. నాకు ఇంకేమీ తెలుసుకోవాలని లేదు" అన్నాడు. అది బెదిరింపో, అభిమానమో నాకు అర్థం కాలేదు.

భయపడకు. నీకు చెప్పాలనిపించింది, చెప్పాను.

దుర్గ


తుబ్లీ
ఏప్రిల్ 2022

దుర్గా,

నీకు మతిపోయిందా? తియ్యి ఆ తాళం. నీకేం పట్టింది? ఆ ఊరు నీది కాదు, ఆ దేశం నీది కాదు, నువ్వు పుట్టిన భాష కూడా కాదు. నీ పాస్‌పోర్టు ఇండియాది. రేపు బయటికి పొమ్మంటే నువ్వొక చోట, పిల్ల ఒక చోట అయిపోతారు. పైసా జీతం లేని పనికోసం సంసారాన్ని పణం పెడతావా?

బావకి ఫోనివ్వు, నేను మాట్లాడతాను. రెండు రోజుల్లో మానేశానని నాకు రాయాలి.

నాగేంద్రబాబు


యారొస్లావ్ల్
మే 2022

అన్నయ్యా,

నీ ఆజ్ఞ కోసం రాయలేదు, ధైర్యం కోసం రాశాను.

నీకేం పట్టిందన్నావు. నేను ఈ దేశానికి వచ్చినప్పుడు నాకెవరూ లేరు. ఆ పేజీల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళు నా తప్పులు దిద్ది, నన్నొక మనిషిగా నమ్మారు. వాళ్ళలో ఇప్పుడు చాలామంది భయంతో పేర్లు మార్చుకున్నారు, కొందరు మానేశారు. నేను తాళం తీస్తే సాయంత్రానికల్లా ఆ పేరా ఉండదు. అక్కడ చనిపోయినవాళ్ళకి ఆ పేరా తప్ప రష్యన్‌లో ఇంకేం మిగల్లేదు.

బావకి అంతా తెలుసు. తెలిసే నా పక్కన ఉన్నాడు. అతనితో నువ్వు మాట్లాడనక్కర్లేదు.

దుర్గ


తుబ్లీ
మే 2022

దుర్గమ్మా,

మానెయ్యమని నేను రాసిన ఆ ఉత్తరాన్ని అదే సాయంత్రం మీ వదిన చదివింది. "చెల్లెలికి రాశారా, వర్క్‌షాపులో కుర్రాడికి రాశారా?" అంది. ఆ పూట నాకు టీ కూడా పెట్టలేదు. కోపం తగ్గాక ఒక్క ముక్క రాయి. నువ్వు మానేసినా, మానకపోయినా నా చెల్లెలివే. క్షేమమని రాస్తే చాలు.

అన్నయ్య


తుబ్లీ
జూన్ 2022

దుర్గమ్మా,

ఇది నువ్వెప్పుడు చదువుతావో తెలియదు. అయినా జరిగింది జరిగినట్టు రాసి ఉంచుతున్నాను.

నీ నుంచి ఉత్తరం లేదు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. బావ ఫోనూ అంతే. ఆసుపత్రికి చేస్తే ఎవరో ఆవిడ రష్యన్‌లో ఏదో అని పెట్టేసింది. పనిలో చెయ్యి ఆడలేదు. ఒక పంపు వెనకాముందు బిగించాను. మా కఫీల్, అదే నా వీసా యజమాని, మంచివాడు కాబట్టి "యల్లా, ఇంటికెళ్ళు" అని పంపేశాడు.

తాహెర్ వచ్చి కూచున్నాడు. నేనేడుస్తున్నానని చూసి కూడా చూడనట్టే ఉన్నాడు పాపం. ఇంక అతనే అన్నాడు:

"గామెకు గా వికీల ఒక పేజీ ఉంటదంటివి గద అన్నా. మాట్లాడుకునే పేజీ. దాని మీదనే రాయరాదు? ఎవరన్న చూడకపోతరా?"

నిజమే కదా! నువ్వు పంపిన లింకు పట్టుకుని వెళ్ళాను. రష్యన్ రాదు. తెలుగులోనే రాశాను, "దుర్గా, అన్నయ్యని. ఎక్కడున్నావు?" అని. తీసేశారు. మళ్ళీ రాశాను. మళ్ళీ తీసేశారు. మూడోసారీ రాశాను.

అదీ కనబడకుండా పోయింది. కానీ ఈసారి నా పేజీలో జవాబొచ్చింది. తెలుగులో! యంత్రం చేత చేయించిన తెలుగు. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"నమస్కారం గౌరవనీయ సోదరుడు. నేను ల్యుద్మీలా పావ్లొవ్నా. మీ సోదరి జీవించి ఉన్నది మరియు ఆరోగ్యముగా ఉన్నది. భర్త మరియు బాలిక కూడా. ఆమె యొక్క టెలిఫోనులు తీసుకొనబడినవి. వారు నిన్నటి వరకు నా గృహమునందు నిద్రించిరి. ఇప్పుడు రైలు వెళ్ళుచున్నది. దయచేసి ఇక్కడ ఆమె పేరు వ్రాయవద్దు, నేను మీ వ్రాతను దాచితిని. భయము వద్దు. టీ త్రాగండి."

దుర్గా, ఇంత చక్కని తెలుగు నేను నా జన్మలో చదవలేదు. చదివి మీ వదిన చేతికిచ్చాను. ఆవిడ చదివి, లోపలికెళ్ళి, నిజంగానే టీ పెట్టుకొచ్చింది. ముగ్గురం తాగాం.

అన్నయ్య


ఉరాల్స్క్, కజకస్తాన్
జూన్ 2022

అన్నయ్యా,

కొత్త ఫోను, కొత్త నంబరు. అందరం క్షేమం. పాత ఫోను లేకపోతే ఈమెయిల్ తెరుచుకోదు, నీ నంబరు నోటికి రాదు, సరిహద్దు దాటేదాకా వికీలో కబురు పెట్టే ధైర్యమూ లేదు. ఎంత తల్లడిల్లిపోయి ఉంటావో అనుకుంటూనే ఉన్నాను. ఇవాళ ఎలాగో తెరుచుకుంటే నీ ఉత్తరాలన్నీ ఒక్కసారి కనబడ్డాయి. టీ దగ్గరికొచ్చేసరికి బావకి అనువదించి చెప్పడం ఆపేసి, మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాను.

జరిగింది ఇది. ఒకరోజు పొద్దున్నే పోలీసులు వచ్చి ఫోన్లు, లాప్‌టాప్ పట్టుకెళ్ళారు. నన్నొక ఆఫీసుకి రమ్మన్నారు. లీలని అంద్రేయ్ దగ్గర వదిలి వెళ్ళాను. లోపల ఒక యువకుడు, నా ఎదురుగా ఫైలు పెట్టుకుని కూచున్నాడు.

"మీ చేత ఇది ఎవరు చేయిస్తున్నారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పరు. ఎవరి మాటా ఎవరూ వినరు. మా ఇబ్బందంతా అదే" అన్నాను.

అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "చదువుకునే రోజుల్లో నా డిప్లొమా థీసిస్ సగం మీ వికీలోంచే రాశాను" అన్నాడు మెల్లిగా. వెంటనే ముఖం గట్టిగా పెట్టి, ఒక హెచ్చరిక కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. "ఈసారికి వెళ్ళండి. రెండోసారి వేరే మనిషి కూచుంటాడు, అతను నాలాంటివాడు కాదు" అన్నాడు. ఫోన్లు మాత్రం ఇవ్వలేదు.

బయటికొచ్చేసరికి అంద్రేయ్ లీలని భుజాన వేసుకుని వానలో నించున్నాడు. "వెళ్ళిపోదాం" అన్నాడు. అతను పుట్టిన ఊరు వదిలే మాట నేనెలా అనాలా అని నెలరోజులుగా నలిగిపోయాను. అతనే అనేశాడు.

నాకు తెలిసిన చిరునామా ఒక్కటే, సమారాలో ఆ కార్డులు పంపే ఇల్లు. తలుపు తీసిన ఆవిడ నా భుజం దాకా కూడా లేరు. నన్ను కిందినుంచి పైకి చూసి, "మీరింత పొడుగుంటారని వాక్యాల్ని బట్టి అనుకోలేదు" అన్నారు. మూడు పరుపులు వేశారు. లీలకి తన మనవరాలి గౌను ఇచ్చారు.

ఆవిడ కంప్యూటర్ ముందే కూచుని నా అధికారాలన్నీ వదిలేసుకున్నాను. ఆ ఊరి పేజీ కాపలా విదేశంలో ఉన్న ఒకతనికి అప్పగించాను, సంగీతం మాస్టారు లేరూ, ఆయన శిష్యుడు. నేను కుప్పకూలిపోతాననుకున్నాను. కానీ వారం తర్వాత, బయల్దేరే ముందు చూస్తే ఆ పేరా అక్కడే ఉంది. ఎవరో ఇంకో రెండు ఆధారాలు కూడా చేర్చారు. నేను లేకపోయినా నడుస్తోంది అన్నయ్యా! ఇన్నాళ్ళూ నేనే మోస్తున్నాననుకున్న బరువు ఎంతమంది భుజాల మీద ఉందో అప్పుడు తెలిసింది. ఎంత నిశ్చింతగా నిద్రపోయానో ఆ రైల్లో.

దుర్గ


తుబ్లీ
జూలై 2022

దుర్గమ్మా,

టిక్కెట్లు పంపాను. వీసాలు దిగగానే ఇస్తారు, తాహెర్ కనుక్కున్నాడు. విమానాశ్రయానికి అతని వ్యానే వస్తుంది, వెనకాల సామాన్ ఖాళీ చేయించి కడిగించి ఉంచాడు. మీ వదిన పక్క గదికి కొత్త కర్టెన్లు వేసింది. బావకి కారం లేకుండా ఏం వండాలని నన్నడుగుతోంది. నాకేం తెలుసు? వచ్చి నువ్వే చెప్పు.

నేను రాసిన ఆ ఒక్క ఉత్తరం ఉంది చూడు, అది చెరిపెయ్యి. చెరపడం నీకు బాగా తెలుసు కదా.

ఇంకేమీ వద్దు. రండి.

అన్నయ్య


తుబ్లీ
ఆగస్టు 2025

అన్నయ్యా,

నువ్వున్న సిత్రాకీ తుబ్లీకీ మధ్య పది నిమిషాల దారి పెట్టుకుని ఉత్తరాలేమిటని వదిన నవ్వుతోంది. రిఫైనరీ ఆపి చేసే షట్‌డౌన్ మరమ్మతు పనిలో నిన్ను ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వకపోతే నేనేం చెయ్యను? క్యాంపుకి వచ్చాక తీరిగ్గా చదువుకో.

ముందు ఇంటి సంగతులు. క్లినిక్‌లో నా కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళకి పొడిగించారు. అంద్రేయ్ జల్లాఖ్ రిసార్టులో రష్యన్ టూరిస్టులకి గొడుగులు పాతడం దగ్గర మొదలుపెట్టాడు కదా, ఇవాళ అతన్ని మేనేజరు పక్కన కూచోబెట్టారట. లీల తాహెర్ దగ్గర కరీంనగర్ తెలుగు నేర్చుకుని, "ఊకో అమ్మా, నాకెర్కే" అంటోంది. మన గోదావరి యాసకి ఇక దిక్కులేదు.

సమారా నుంచి ఉత్తరం వచ్చింది. ల్యుద్మీలా పావ్లొవ్నాకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది. మళ్ళీ తప్పులు దిద్దుతున్నారు. మా వ్యాసాలు ఇరవై లక్షలు దాటాయి. పాతవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. కొందరు మా పేజీలన్నీ ఎత్తుకెళ్ళి, నచ్చని మాటలు మార్చి వేరే చోట పెట్టుకున్నారు. ఏనాడు మూసేస్తారో అని ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అయినా రోజూ పొద్దున్న కొత్తవాళ్ళు విభక్తులన్నీ తప్పులతో వస్తూనే ఉన్నారు. ఇప్పుడు వాళ్ళవి నేను దిద్దుతున్నాను. కొత్త పేరుతో, ఏ అధికారమూ లేకుండా.

ఇక అసలు సంగతి. నాకు ఒళ్ళు మండిపోతోంది. పులస మీద వ్యాసం రాశాను. నోవొసిబీర్స్క్ నుంచి ఒకాయన వచ్చి, పులస అనే వేరే చేప లేదు, అది బెంగాలీల ఇలీషే, రెండు పేజీలూ కలిపేద్దాం అంటాడు. సముద్రంలో ఉన్నప్పుడు విలస, గోదారికి ఎదురీది వస్తే పులస, రుచి వేరు, ధర వేరు, పేరు వేరు అని పొద్దుటినుంచి మొత్తుకుంటున్నాను. "శాస్త్రీయ నామం ఒకటే కదా మేడమ్" అంటాడు! జన్మలో గోదారి ఒడ్డున కూచుని ఒక ముక్క నోట్లో పెట్టుకోని మనిషి!

అంద్రేయ్ వచ్చి అన్నం తినమన్నాడు, కసిరాను. వదిన వచ్చింది, వినిపించుకోలేదు. చివరికి లీల వచ్చి స్క్రీను వైపు తొంగి చూసి, "ఇది చేప గురించా అమ్మా? ఉట్టి చేప గురించేనా?" అంది.

అవును, ఉట్టి చేప గురించే. ఇవాళ నాకు ఇంతకంటే పెద్ద బాధ లేదన్నయ్యా.

దుర్గ